గ్యాస్ అలారమా, సీవో అలారమా: మన ఇంటికి ఏది కావాలి, ఎక్కడ బిగించాలి

గ్యాస్ అలారం ఏది కొంటే మంచిదని అడిగేవాళ్ళు ఈమధ్య మా తిరుపతిలో బాగా పెరిగారు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ పెద్దవాళ్ళిద్దరే ఉంటున్న ఇళ్ళ నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తోంది. రెండు మూడు మోడళ్ళ ఫోటోలు పంపించి, ఇందులో ఏది తీసుకోమంటారు అని అడుగుతారు. నేను మాత్రం ముందు ఇంటి సంగతి అడుగుతాను. మీది బండ గ్యాసా, పైపు గ్యాసా? స్టవ్ కాకుండా ఇంట్లో ఇంకేం మండుతున్నాయి? అవి ఏ గదిలో ఉన్నాయి? ఈ మూడింటికీ జవాబు వస్తే కొనాల్సింది ఏదో చాలావరకు తేలిపోతుంది. అది తేల్చుకోకుండా కొంటే ఎంత ఖరీదైన అలారమైనా మన ఇంట్లో లేని గ్యాస్ కోసమో, గ్యాస్ చేరని మూలలోనో కాపలా కాస్తుంది.

ఎందుకంటే ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు ప్రమాదాలు. మండకుండానే బయటికి వచ్చేసే గ్యాస్ ఒకటి, సరిగ్గా మండకపోవడం వల్ల పుట్టే గ్యాస్ ఇంకొకటి. మొదటిది అంటుకుంటుంది. రెండోది విషం.

బండలో ఉండే ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. గాలి కంటే ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ సుమారు రెండు రెట్లు బరువు. అందుకే లీకైతే నీళ్ళలా పల్లానికి దిగుతుంది. స్టవ్ గట్టు కింద, సింక్ అడుగున, గడప దగ్గర, డ్యూప్లెక్స్ ఇంట్లో అయితే కింది మెట్ల దగ్గర చేరి నిలుస్తుంది. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. దానికి సొంత వాసన లేదు. లీకైతే తెలియడానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. వాసన వస్తుంది కదా, ఇంక అలారం ఎందుకు అంటారు కొందరు. నిద్రలో వాసన మనల్ని లేపదు. జలుబు చేసినవాళ్ళకి సరిగా తెలియదు. వయసు పెరిగేకొద్దీ ముక్కు శక్తి తగ్గుతుంది. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో ముక్కునే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

రెండోది కార్బన్ మోనాక్సైడ్, అందరూ సీవో అనేది. గ్యాస్, కట్టెలు, బొగ్గు, పెట్రోలు, డీజిల్, వీటిలో ఏదైనా చాలినంత గాలి అందక మండితే ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. బరువు దాదాపు గాలంతే కాబట్టి పైకీ పోదు, కిందికీ దిగదు, గదంతా కలిసిపోతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని ఆక్సిజన్‌కి చోటు లేకుండా చేస్తుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వికారం, నీరసం. జ్వరం ఉండదు. మనవాళ్ళు పైత్యం చేసిందనో, పొద్దున ఏమీ తినలేదనో అనుకుని ఆ గదిలోనే పడుకుంటారు. అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకో సంగతి అందరికీ తెలియాలి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్ళల్లో ఇంకా ఉంది. సీవో పట్టిన మనిషి వేలికి దాన్ని పెడితే 97, 98 చూపించవచ్చు. సీవో పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ తేడా ఆ పరికరానికి తెలియదు. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

ఇంక పైపు గ్యాస్. ఇందులో ఉండేది ముఖ్యంగా మీథేన్. గాలి కంటే బాగా తేలిక, లీకైతే పైకప్పు దగ్గర చేరుతుంది. గాలిలో సుమారు 5 శాతం దగ్గర అంటుకునే స్థాయి మొదలవుతుంది.

కాంబో అలారం తీసుకోవచ్చా

అందరూ ముందు అడిగేది దీని గురించే. ఒకే డబ్బా, గ్యాస్‌నీ సీవోనీ రెండింటినీ పట్టేస్తుంది, ధర కూడా కలిసొస్తుంది. బండ గ్యాస్ వాడే ఇంటికి నేను దీన్ని వద్దంటాను. కారణం పైన చెప్పిన బరువే. ఎల్‌పీజీ కోసం అలారాన్ని నేలకి దగ్గరగా బిగించాలి. సీవో అలారం మనం ఊపిరి పీల్చే ఎత్తులోనో, అంతకంటే పైనో ఉండాలి. ఒకే డబ్బాని రెండు చోట్ల పెట్టలేం. కింద పెడితే దాని అంకెలు కనిపించవు, మంచానికో బీరువాకో అడ్డుపడి గది గాలి సరిగా తగలదు. పైన పెడితే బండ గ్యాస్ మోకాలి ఎత్తు దాకా వచ్చినా దానికి సంగతే తెలియదు. ఈ కాంబోలు ఎక్కువగా పైపు గ్యాస్ వాడే దేశాల కోసం తయారైనవి. మీథేన్ పైకి పోతుంది కాబట్టి అక్కడ గోడపైన ఒక్కటి పెడితే రెండింటికీ సరిపోతుంది. పైపు గ్యాస్ వచ్చిన అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీరూ తీసుకోవచ్చు, అందులో తప్పు లేదు.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన అలారాల గురించి కూడా చెప్పాలి. అక్కడి ప్లగ్-ఇన్ అలారాలు 120 వోల్టులకి చేసినవి. మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే కాలిపోతాయి. పిన్ మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. బ్యాటరీతో నడిచే సీవో అలారమైతే ఏ దేశానిదైనా ఇక్కడ పనిచేస్తుంది. పిల్లలు ఏం తెమ్మంటారు అని అడిగితే అదే చెప్పండి.

ఎవరింటికి ఏది

గాలి వెలుతురు ఉన్న వంటగది, రెండు బర్నర్ల స్టవ్, ఒక బండ, నీళ్ళకి కరెంటు గీజరో మిద్దె మీద సోలారో. తిరుపతి, చిత్తూరుల్లో చాలా ఇళ్ళు ఇలాంటివే. వీళ్ళకి ఎల్‌పీజీ అలారం ఒక్కటి చాలు. సీవో అలారం కొంటే మంచిదే కానీ ముందు ఖర్చు పెట్టాల్సింది దాని మీద కాదు. ఆ డబ్బుతో పాత రబ్బరు ట్యూబు తీసేసి ఐఎస్ఐ మార్కు సురక్షా ట్యూబు వేయించుకోండి. దాని మీద గడువు అచ్చు వేసి ఉంటుంది, ఐదేళ్ళకి మార్చాలి. స్టవ్ మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తూ గిన్నెల అడుగున మసి పడుతుంటే మెకానిక్‌ని పిలిచి బర్నర్ శుభ్రం చేయించండి. పసుపు మంట అంటే గ్యాస్ సరిగా మండడం లేదని అర్థం, సీవో పుట్టేది అక్కడే.

బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉన్న ఇల్లు అయితే ఇంకేదీ ఆలోచించకండి, ముందు ఆ గీజర్ బయటికి రావాలి. నాలుగడుగుల గది, చలికని మూసిన వెంటిలేటర్, లోపల గొళ్ళెం, పక్కనే మండుతున్న బర్నర్. ఆ చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ సీవో పెరుగుతుంది. లోపలున్న మనిషికి కళ్ళు తిరిగేసరికి తలుపు దగ్గరికి వచ్చే బలం కూడా ఉండకపోవచ్చు. ఇలా స్నానానికి వెళ్ళి ప్రాణం పోయిన వార్తలు మన దేశంలో ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. బాత్రూమ్‌లో సీవో అలారం పెడితే సరిపోతుంది కదా అని అడుగుతారు. సరిపోదు. ఆవిరి, తడి ఉన్న చోట ఆ సెన్సార్ పాడవుతుంది, తయారీదారులే అక్కడ బిగించవద్దని రాస్తారు. గీజర్‌ని గాలి ఆడే యుటిలిటీ బాల్కనీలో గోడకి బిగించి, వేడినీళ్ళ పైపు ఒక్కటి లోపలికి తెచ్చుకోవాలి. ఆ బాల్కనీకి ఆనుకున్న గదిలో అప్పుడు సీవో అలారం పెట్టండి. అద్దె ఇంట్లో ఓనర్ మార్చనంటే ఆ గీజర్ వాడకండి, స్టవ్ మీద నీళ్ళు కాచుకోవడం మేలు.

పలమనేరు, కుప్పం వైపు డిసెంబరు చలి గట్టిగానే ఉంటుంది. బాలింత గదిలో కుంపటి పెట్టడం, పసిబిడ్డకి తలంటు పోసి సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్ళల్లో ఉన్నదే. నేను సాంబ్రాణి మానేయమని చెప్పడం లేదు. తలుపులు, కిటికీలు తెరిచి, పని అవగానే ఆ నిప్పులు బయట పెట్టేస్తే సరే. గాలి తగులుతుందని కిటికీలు మూసి, కుంపటి మంచం కింద పెట్టి రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు. ఎర్రగా కనిపించే బొగ్గుకి పొగ ఉండదు, అందుకే హాయిగా అనిపిస్తుంది. సీవో ఎక్కువగా వచ్చేది ఆ పొగలేని బొగ్గు నుంచే. కడుపుతో ఉన్నవాళ్ళకి, పసిబిడ్డలకి దీని దెబ్బ ఇంకా ఎక్కువ. ఇలాంటి ఇంట్లో సీవో అలారం పెట్టడం మంచిదే, కానీ అది ఉంది కదా అని కుంపటి పెట్టుకోకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంకొకళ్ళు ఉన్నారు. 2021 నవంబరు వానలకి తిరుపతి వీధులు మునిగినప్పుడు చూశాం, అలాంటి రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. జనరేటర్‌ని వాన తగలకుండా వరండాలోనో మెట్ల కిందో పెడతారు. స్టిల్ట్ పార్కింగ్‌లో జనరేటర్ నడిస్తే ఆ పొగ మెట్లదారిలో పై అంతస్తులకి వస్తుంది. జనరేటర్ ఉన్న ఇంటికీ, దాని మీద ఉన్న మొదటి అంతస్తు ఫ్లాట్‌కీ సీవో అలారం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇంటి గోడకి ఆనుకుని మూసిన గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వదిలేసే అలవాటు ఉన్నవాళ్ళకీ అంతే.

అట్ట మీద ఏం చూడాలి

ఆన్‌లైన్‌లో రేటింగ్ నక్షత్రాల కంటే డబ్బా వెనక అంటించిన చిన్న కాగితం ముఖ్యం. దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. సీవో అలారమైతే యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 అనో, అమెరికా ప్రమాణం యూఎల్ 2034 అనో ఉండాలి. గ్యాస్ అలారమైతే ఈఎన్ 50194 లేదా యూఎల్ 1484. ఏ గ్యాస్ పడుతుందో కూడా అక్కడే ఉంటుంది. ఎల్‌పీజీ అనో, ప్రొపేన్, బ్యూటేన్ అనో లేకుండా మీథేన్ అని మాత్రమే ఉంటే బండ గ్యాస్ ఇంటికి తీసుకోకండి. తయారైన తేదీ, మార్చాల్సిన సంవత్సరం లేని అలారం ఎంత చవకగా వచ్చినా వద్దు.

సెన్సార్ గురించి రెండు మాటలు. సీవో అలారంలో ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ ఉందో లేదో చూడండి. ఇది తక్కువ కరెంటుతో నడుస్తుంది, బ్యాటరీ మీద ఏళ్ళు వస్తుంది. ఏడేళ్ళ నుంచి పదేళ్ళ వరకు జీవితకాలం ఇచ్చే రకాలు ఉన్నాయి. గ్యాస్ అలారాల్లో ఎక్కువగా ఉండేది సెమీకండక్టర్ సెన్సార్. అది ఎప్పుడూ వేడిగా ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి కరెంటు బాగా తీసుకుంటుంది, అందుకే అవి ప్లగ్‌లో పెట్టేవే వస్తాయి. కరెంటు పోతే అలారం కూడా పోయినట్టే. ఇన్వర్టర్ లైన్ ఉన్న సాకెట్‌కి కలపండి, లేదా బ్యాకప్ బ్యాటరీ ఉన్న రకం కొనండి. ఇన్వర్టర్ అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, సీవో సెన్సార్ దాన్ని సీవో అనుకుని మోగవచ్చు. ఇన్వర్టర్ ఉన్న మూలలో సీవో అలారం పెట్టకండి.

అంకెలు కనిపించే డిస్‌ప్లే ఉన్న సీవో అలారానికి కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు. ఈ అలారాలు గాలిలో సీవో కనపడగానే మోగవు. ఈఎన్ 50291 ప్రకారం 50 పీపీఎం (అంటే పది లక్షల వంతుల గాలిలో 50 వంతుల సీవో) ఉంటే గంట నుంచి గంటన్నర లోపు, 100 పీపీఎం ఉంటే 10 నుంచి 40 నిమిషాల లోపు, 300 పీపీఎం ఉంటే 3 నిమిషాల్లో మోగాలి. యూఎల్ 2034 ఇంకొంచెం ఆలస్యంగా మోగనిస్తుంది, 70 పీపీఎం దగ్గర ఒకటి నుంచి నాలుగు గంటల దాకా ఊరుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్కలివి. కుంపటి విషయంలో అలారాన్ని నమ్ముకోవద్దని పైన అన్నది ఇందుకే. బాలింత, పసిబిడ్డ ఉన్న గదిలో అది మోగేదాకా ఆగకూడదు. డిస్‌ప్లే ఉంటే మోగకముందే అంకె పెరగడం కంటికి కనిపిస్తుంది.

లీకవగానే గ్యాస్ దానంతట అదే ఆగిపోయే షటాఫ్ వాల్వ్ రకాలు కూడా ఉన్నాయి. మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంటికి ఇది నిజంగా పనికొస్తుంది. అయితే దాని కోసం ట్యూబు మధ్యలో కోసి కొత్త జాయింట్లు వేయాలి, ప్రతి జాయింటూ లీకవడానికి ఒక కొత్త చోటు. గ్యాస్ ఏజెన్సీని అడిగి, వాళ్ళ మెకానిక్‌తో బిగించుకుంటేనే పెట్టుకోండి. వీధిలో ఎవరో ఎలక్ట్రీషియన్‌తో వద్దు.

ఎక్కడ బిగించాలి

ఎల్‌పీజీ అలారం నేల నుంచి ఒక అడుగు లోపు, స్టవ్‌కీ బండకీ నాలుగడుగుల నుంచి పదడుగుల దూరంలో ఉండాలి. ఇక్కడే మన ఇళ్ళల్లో ఒక చిక్కు ఉంది. మనం వంటిల్లు బకెట్ నీళ్ళు పోసి కడుగుతాం. శుక్రవారం వచ్చిందంటే గోడల అంచులు కూడా తడుస్తాయి. నేలకి ఆనించి పెట్టిన అలారంలో నీళ్ళు పోతే అది పోయినట్టే. అందుకే అడుగు లోపలే, కానీ నీళ్ళు చిమ్మే ఎత్తుకి పైన, అంటే జానెడు పైన బిగించండి. కడిగేముందు ప్లగ్ తీసి, నేల ఆరగానే మళ్ళీ పెట్టడం మరిచిపోకండి. తలుపు వెనక, అల్మారా లోపల, సింక్ పక్కన వద్దు. దేవుడి గూడు వంటింట్లోనే ఉంటే దానికి కాస్త దూరంగా పెట్టండి. సాంబ్రాణి, అగరుబత్తి పొగ, సెంటు, దోమల స్ప్రే, శానిటైజర్ ఆవిరి కూడా సెమీకండక్టర్ సెన్సార్‌ని మోగిస్తాయి. తిరగవాత పెట్టినప్పుడల్లా మోగుతుంటే విసుగొచ్చి ప్లగ్ పీకేస్తారు, అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. పీకకండి, చోటు మార్చండి.

పైపు గ్యాస్ అలారం పైకప్పుకి ఒక అడుగు లోపు, తలుపు పైఅంచు కంటే ఎత్తులో. సీవో అలారం పడకగదిలో మంచం మీద పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో. గీజర్ లాంటిది ఉన్న గదిలో దానికి మూడు నుంచి పదడుగుల దూరంలో, కిటికీకీ ఫ్యాన్ గాలికీ ఎదురుగా కాకుండా.

మోగితే ఏం చేయాలి

ఈ రెండు అలారాలకీ చేయాల్సిన పనులు ఒకటి కాదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ, పనికి వచ్చే అమ్మాయితో సహా, నేర్పాల్సింది ఇది.

గ్యాస్ అలారం మోగితే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. లైటు వేయొద్దు, వెలుగుతుంటే ఆర్పొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయొద్దు, అలారం ప్లగ్ కూడా పీకొద్దు. స్విచ్ కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ పుట్టే చిన్న మెరుపు చాలు. మంట ఉంటే ఆర్పి, రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికి రావాలి. ఫోన్ బయటికొచ్చాకే. ఎల్‌పీజీ ఎమర్జెన్సీ నంబరు 1906, రాత్రయినా పగలైనా పలుకుతుంది. మంటలు వస్తే 101. పైపు గ్యాస్ అయితే కంపెనీ ఎమర్జెన్సీ నంబరు బిల్లు మీద ఉంటుంది, దాన్ని వంటింటి తలుపు బయట రాసి పెట్టుకోండి.

సీవో అలారం మోగితే తొందర పడాల్సింది మనుషుల కోసం. కిటికీ తెరిచి లోపలే కూర్చోకుండా అందర్నీ బయటి గాలిలోకి తీసుకురండి, తలలు లెక్కపెట్టండి. బాత్రూమ్ తలుపు మూసి ఉంటే తట్టండి, పలకకపోతే బద్దలు కొట్టండి, ఆలోచించకండి. మండేదాన్ని ఆర్పే వీలుంటే ఆర్పండి. ఎవరికైనా తలనొప్పి, వికారం, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి. రుయాకి వెళ్ళినా, స్విమ్స్‌కి వెళ్ళినా, చిత్తూరు పెద్దాసుపత్రికి వెళ్ళినా డాక్టరుతో ముందే చెప్పండి: మూసిన గదిలో గీజర్ మండుతోందనో, కుంపటి ఉందనో, సీవో అలారం మోగిందనో. ఆ మాట చెబితేనే రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (సీవో పట్టుకున్న హిమోగ్లోబిన్) పరీక్ష చేయించాలని వాళ్ళకి తడుతుంది.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. అది సైరన్, కరెంటు పనిచేస్తున్నాయో లేదో చూపిస్తుంది కానీ చాలా మోడళ్ళలో సెన్సార్ బతికి ఉందో లేదో చెప్పదు. అగరుబత్తి పొగతో సీవో అలారాన్ని పరీక్షించి, మోగలేదు కాబట్టి పాడైందని వెనక్కి పంపినవాళ్ళు ఉన్నారు. అది పొగ అలారం కాదు. లైటర్ గ్యాస్ నేరుగా ఊదితే గ్యాస్ సెన్సార్ దెబ్బతినవచ్చు. బండ మార్చిన ప్రతిసారీ రెగ్యులేటర్ చుట్టూ, ట్యూబు రెండు చివర్లా సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు ఒక్కొక్కటిగా ఉబ్బుతుంటే అక్కడ గ్యాస్ లీకవుతున్నట్టు, రెగ్యులేటర్ తీసి బండకి సేఫ్టీ క్యాప్ పెట్టేసి ఏజెన్సీకి చెప్పండి. చిన్న లీకు అలారం దాకా రాకముందే ఈ నురగలో దొరుకుతుంది.

బిగించిన రోజు తేదీ అలారం మీద మార్కర్‌తో రాయండి. గ్యాస్ సెన్సార్లు మామూలుగా ఐదేళ్ళ దాకా నమ్మదగ్గవి, ఖచ్చితమైన గడువు లేబుల్ మీద చూసుకోండి. గడువు అయిపోతే కొన్ని అలారాలు నిమిషానికోసారి కిచ్‌మని చిన్న శబ్దం చేస్తాయి, బ్యాటరీ మార్చినా ఆగదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఖాళీ చేసేటప్పుడు అలారాన్ని విప్పి తీసుకెళ్ళండి. బండ గ్యాస్ ఇంటి నుంచి పైపు గ్యాస్ ఇంటికి మారుతుంటే మాత్రం అది మీథేన్ కూడా పడుతుందో లేదో లేబుల్ మీద మళ్ళీ చూసి, పడితే ఈసారి పైకప్పు దగ్గర బిగించాలి. పట్టకపోతే కొత్తది కొనాలి.